ఫోటోలో నిండిన కుర్చీ

ఆ గ్యాలరీ కింద, మెట్ల చివరున్న గదికి మంచి పేరు లేదు. అక్కడ పెయింటింగ్‌ని ఫోటో తీస్తే తెరమీద ఒక తల ఎక్కువొస్తుందట! రాత్రిళ్లు కాపలా ఉండే తాత చెప్పగా విన్నదే ఇది. నమ్మడం, మానడం మీ ఇష్టం. లైటు మాత్రం ఆర్పకండి.

ఆ రాత్రి ఫోటోగ్రాఫరమ్మాయి అక్కడికి దిగింది.

"తలలు లెక్కపెట్టుకున్నావా అమ్మా?" అన్నాడు తాత, తాళం తీస్తూ.

"బొమ్మలో ఉన్నది ఖాళీ కుర్చీయే తాతా. సున్నా."

"అయితే లెక్క మరీ తేలిక," అని పైకెళ్లిపోయాడు.

తన కుర్చీనే చూసి ఆ బొమ్మ వేసింది ఆమె బాబాయి. అమ్మానాన్నల్లేని పిల్లని ఒంటిచేత్తో పెంచినవాడు. చెవి మీద బ్రష్ పెట్టుకుని, దానికోసం ఇల్లంతా వెతికే మనిషి. ఫోటో అంటే మాత్రం ఒళ్లుమంట. "రంగుల్ని చంపేస్తుందే అది!" అని మొహం తిప్పేసుకునేవాడు. అందుకే పోయాక చూసుకోడానికి ఒక్క ఫోటో మిగల్లేదు. ఈ బొమ్మే మిగిలింది. తెల్లారితే అదీ కొన్నవాళ్లింటికి వెళ్లిపోతుంది.

అది పోకముందే ఫోటో తీసింది... కంప్యూటర్లో చూసింది. బొమ్మలోని గోడ నీలం బూడిదైపోయింది. మళ్లీ తీసింది... ఈసారి ఆకుపచ్చ. బాబాయి మాటే నెగ్గింది. వెలుగు పెంచి, దగ్గరికి లాగి చూసింది —

కుర్చీలో ఎవరో కూర్చున్నారు.

తెల్లగా... మసగ్గా...

గిరుక్కున తిరిగి అసలు బొమ్మ చూసింది. ఖాళీ కుర్చీ. తెరమీద మనిషి.

"తాతా..." అంటూ మెట్లవైపు ఒక అడుగు వేసింది.

అప్పుడు కనిపించింది, తన ఒంటిమీది తెల్లచొక్కా. సంచిలోనే ఉండిపోయిన నల్లగుడ్డ. వార్నిష్ వేసిన బొమ్మంటే అద్దమే. కెమెరా దగ్గర నల్లగుడ్డ కట్టి, దాని వెనక దాక్కుని తియ్యాలి. లేకపోతే తీసేవాళ్లే బొమ్మలో పడతారు. రోజూ చేసే పనే, కంగారులో మరిచిపోయింది.

దెయ్యం తనే!

ఒక్కతే పగలబడి నవ్వింది. గుడ్డ కట్టి మళ్లీ తీసింది. కుర్చీ ఖాళీ. శుభ్రంగా... మరీ ఖాళీగా.

చూడబుద్ధి కాలేదు. ఇందాకటి ఫోటోనే తెరిచింది. బాబాయి కుర్చీలో తను... పోనీ, ఇదన్నా దాచుకుందాం. మొహం తెలుస్తుందేమోనని ఇంకా దగ్గరికి లాగింది.

మొహం అటు తిప్పేసి ఉంది.

చెవి మీద — బ్రష్.

చెయ్యి మెల్లగా తన చెవి దగ్గరికి పోయింది. అక్కడేమీ లేదు.

పక్కనున్నవాళ్లతో చెప్పినట్టు గుసగుసగా అంది —

"ఫోటో అంటే పడదన్నావుగా, బాబాయ్..."