పొద్దు వాలని బరి

పొన్నకోట రాజ్యంలో ఆ ఏడు చేలు కోతకొచ్చాయి, కోసేవాళ్ళు లేరు. కొలిమి చల్లారిపోయింది, కమ్మరి లేడు. సింహాసనం మీద పట్టు దిండు అలాగే ఉంది, రాజు లేడు. యుద్ధం వచ్చి కాదు, రోగం వచ్చీ కాదు. వాళ్ళంతా ఆట చూడటానికి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు.

ఆ రాజ్యంలో జనానికి చెడుగుడంటే ప్రాణం. కూతకు వెళ్ళినవాడు "చెడుగుడు చెడుగుడు" అంటూ ఒకే ఊపిరితో అవతలి జట్టు మీదికి దూకితే, గట్టు మీద కూర్చున్న జనం కూడా తమకు తెలియకుండానే ఊపిరి బిగపట్టేవారు. వాడు ఒకరిని తాకి క్షేమంగా గీత దాటి వచ్చేస్తే అందరి గుండెల్లోంచీ గాలి ఒక్కసారిగా బయటికొచ్చేది. ఆ ఒక్క క్షణం ఎవరికీ తన పేరు గుర్తుండదు, తన బాధ గుర్తుండదు. బహుశా దానికోసమే అంతమంది అంత దూరం నడిచి వెళ్ళేవారేమో.

ఒకనాడు తూర్పు అడవిలోంచి పెద్ద హోరు వినిపించింది. వేలమంది ఒకే గొంతుతో అరిచినట్టుంది. అక్కడెక్కడో గొప్ప ఆట జరుగుతోందన్నారు. ముందు కుర్రాళ్ళు వెళ్ళారు, తరవాత పెద్దలు. వాళ్ళను వెనక్కి తెస్తానని రాజు కీర్తిసేనుడు భటులతో వెళ్ళాడు. భటులూ రాలేదు, రాజూ రాలేదు.

కట్టెలు కొట్టే జోగయ్య కూడా వెళ్ళాడు. "పొద్దు గూకేలోగా వచ్చేస్తానే తల్లీ, అంబలి కాచి ఉంచు" అని కూతురు గవిరికి చెప్పి మరీ వెళ్ళాడు. కాచిన అంబలి పులిసిపోయింది. మళ్ళీ కాచింది, అదీ పులిసింది. గవిరి చిన్నప్పుడే తల్లి జ్వరంతో పోయింది. ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. ఇక ఎదురుచూడలేక, ఆనపకాయ బుర్రలో నీళ్ళు నింపుకొని గవిరి అడవిదారి పట్టింది.

జోగయ్యకు ఒక అలవాటుంది. తన జట్టు గెలుస్తున్నప్పుడు ఎలా కూర్చున్నాడో ఆట అయ్యేదాకా అలాగే కూర్చునేవాడు. వాన వచ్చినా, చీమ కుట్టినా అంతే. "నేను కదిలితే మనవాడు దొరికిపోతాడు" అనేవాడు. ఊళ్ళో అందరికీ ఇలాంటిదేదో ఒకటి ఉండేది. ఒకాయన తలపాగా తియ్యడు, ఇంకొకాయన మాట్లాడడు. గవిరి మాత్రం సరిగ్గా తేలిపోయే ఘడియలో కళ్ళు మూసుకునేది. తను చూస్తే ఓడిపోతారని ఆ పిల్ల నమ్మకం. అందుకే ఎన్ని ఆటలకు వెళ్ళినా ఒక్క గెలుపునూ కళ్ళారా చూడలేదు.

అడవి నడుమ మనిషెత్తు పుట్ట ఒకటి ఎదురైంది. అందులోంచి మాట వినిపించింది.

"నీళ్ళున్నాయా పాపా?"

పుట్ట పగుళ్ళలోంచి తెల్లటి గడ్డం కనిపించింది. గవిరి చేతులు జోడించి, "తపస్సులో ఉన్నారా స్వామీ?" అంది.

"తపస్సా! అది ఎప్పుడో పోయింది. ఆ హోరు చెవిన పడింది. ఎవరు గెలిచారో విని మళ్ళీ కళ్ళు మూసుకుందామనుకున్నాను. ఈలోగా చెదలు ఇల్లు కట్టేశాయి."

"మరి బయటికి రండి."

"వస్తాను, వస్తాను. ఈ కూత ఏమవుతుందో తేలనీ."

గవిరికి నవ్వొచ్చింది. వెంటనే ఎందుకో ఒళ్ళు జలదరించింది. బుర్రలో ఉన్న నీళ్ళన్నీ పగుళ్ళలోంచి ఆయన నోట్లో పోసింది. ముని తృప్తిగా నిట్టూర్చి చెప్పాడు.

"ఆ బరి నిర్నిమేషుడనే రాక్షసుడిది. వాడి కళ్ళకు రెప్పలు లేవు. వాడు ఆట చూడడు. చూసేవాళ్ళ ముఖాలు చూస్తాడు. అదే వాడి తిండి. లోపల గొలుసుల్లేవు, తాళాల్లేవు. లాగితే మాత్రం ఎవరూ రారు. లాగబోయిన రాజభటులు కూడా పక్కనే కూర్చుండిపోయారు. ఒక్కడంటే ఒక్కడు తనంతట తాను లేచి, ఆటకు వీపు తిప్పి గుమ్మం దాకా నడిస్తే చాలు, మాయ విడిపోతుంది."

"అంతేనా స్వామీ?"

"అంతేనట! నేనీ పుట్టలోంచే లేవలేకుండా ఉన్నాను" అన్నాడు ముని. తరవాత ఆయన చెవి మళ్ళీ హోరు వైపు తిరిగింది.

కొంత దూరం వెళ్ళేసరికి దారి నిండా చెప్పులు కనిపించాయి. ఒక్కో చోట ఒక్కో జత కాదు, గుట్టలు గుట్టలు. ఇక్కడిదాకా నడిచినవాళ్ళంతా ఇక్కడినుంచి పరుగెత్తారన్నమాట. వాటిలో, నారతాడు కట్టి బాగుచేసిన తండ్రి చెప్పులను గవిరి గుర్తుపట్టింది. వంగి వాటిని చేతిలోకి తీసుకుంది. అప్పుడే హోరు లేచింది. ఆమె చెప్పకుండానే ఆమె కాళ్ళు పరుగు మొదలుపెట్టాయి.

రాతి గుమ్మం ముందు గండభేరుండం కాపలా ఉంది. ఒకటే మొండెం, రెండు తలలు. ఒక తలకు ఎర్రగుడ్డ, ఇంకో తలకు నల్లగుడ్డ.

"ఎవరి మనిషివే పిల్లా?" అంది ఎర్రతల.

"మా మనిషే అయ్యుంటుంది. ముఖంలో తెలివి కనబడుతోంది" అంది నల్లతల.

"తెలివి ఎలా ఉంటుందో నీకెలా తెలుసు?"

"పక్కనే నువ్వు అది లేకుండా ఉన్నావు కదా, దాన్నిబట్టి."

"నేను ఎవరి మనిషినీ కాను. మా నాయన కోసం వచ్చాను" అంది గవిరి.

రెండు తలలూ కలిసి నవ్వాయి. ఆ ఒక్క విషయంలోనే వాటికి పొత్తు కుదిరినట్టుంది. "ఎవరి మనిషీ కానివాళ్ళకు లోపల చోటు లేదు."

"మా నాయన ఎటువైపు కూర్చున్నాడు?"

"మాసిన తువ్వాలు, ఒంటిమీద పచ్చికట్టె వాసన, ఆయనేనా? ఎర్రవైపు."

"అయితే నేనూ ఎర్రజట్టే."

లోపలికి వెళ్ళడానికి అబద్ధంగా అన్న మాట అది. కానీ అనగానే గుండెలో ఏదో వెచ్చగా కదిలింది. తను ఎన్నడూ చూడని జట్టు మీద తనకు అంత ప్రేమ ఎక్కడినుంచి వచ్చిందో గవిరికి అర్థం కాలేదు.

"గుమ్మం పక్కన ఊట ఉంది, తాగి వెళ్ళు. లోపలినుంచి దీనికోసం ఇంతవరకూ ఒక్కరూ రాలేదు" అంది నల్లతల.

గవిరి బుర్ర మూత తీసింది. అంతలో లోపల హోరు మళ్ళీ లేచింది. బుర్ర నింపడం మరిచిపోయి లోపలికి పరుగెత్తింది.

లోపల ఎండ పచ్చగా, ఏటవాలుగా ఉంది. సూర్యుడు చెట్ల తలల మీద ఆగిపోయాడు. నీడలు కదలడం లేదు. బరి చుట్టూ మెట్లు మెట్లుగా జనం. ఒకడు చెయ్యెత్తి ఉన్నాడు, ఆ చేతికీ పక్కవాడి చెవికీ మధ్య సాలెగూడు ఉంది. ఒకడు ఒంటికాలిమీద నిలబడ్డాడు. ఒకడి నోట్లో కొరికిన జామకాయ ఎండిపోయింది. రాజు కీర్తిసేనుడు కిరీటం ఒళ్ళో బోర్లించుకుని కూర్చుంటే, అందులో పిచ్చుక గుడ్లు పెట్టింది. అందరి చీలమండల దాకా గడ్డి మొలిచింది. ఎవరి కనుపాపా కదలడం లేదు.

ఇవన్నీ గెలుపు భంగిమలని గవిరికి చూడగానే తెలిసిపోయింది. ఎవరూ చెప్పనక్కర్లేకుండా తెలిసిపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

జోగయ్య కుడికాలు ఎడమతొడ మీద వేసుకుని, తువ్వాలు కొస పళ్ళమధ్య పట్టుకుని కూర్చున్నాడు.

"నాయనా! నేను, గవిరిని. ఇంటికి పోదాం లే."

"వచ్చావా తల్లీ?" అన్నాడు కళ్ళు తిప్పకుండా. "పోదాం. ఈ ఒక్క కూత కానీ. లెక్క సమానంగా ఉంది."

ఆ కూత అయింది. నల్లజట్టుకు ఒకటి వచ్చింది. తరవాతి కూతలో ఎర్రజట్టుకు ఒకటి. మళ్ళీ సమానం. "ఈ ఒక్క కూత" అన్నాడు జోగయ్య. చుట్టూ ఉన్న వేలమంది పెదవుల మీదా అదే గొణుగుడు, గాలికి ఎండుటాకుల చప్పుడులా.

"నువ్వు లేస్తే ఏమవుతుంది నాయనా?"

"ఓడిపోతాం." తువ్వాలు పళ్ళమధ్య ఉండగానే మాట్లాడుతున్నాడు. "నవ్వకు. నాకు తెలుసు. మీ అమ్మ మంచం పక్కన కూర్చున్నాను గుర్తుందా? కదలకుండా కూర్చున్నంతసేపూ దానికి ఊపిరి ఆడింది. ఒక్కసారి లేచాను. ఒక్కసారే."

తండ్రి ఆట చూస్తున్నాడని ఇన్నాళ్ళూ అనుకుంది. ఆయన ఇంకా ఆ మంచం పక్కనే కూర్చుని ఉన్నాడు.

ఒక్క కూత ఆగుదామని ఆమె కూడా పక్కన కూర్చుంది.

ఎర్రజట్టువాడు కూతకు వెళ్ళాడు. గవిరి అలవాటుగా కళ్ళు మూసుకుంది. జనం అరిచారు. ఎర్రజట్టుకు వచ్చింది! గవిరి కూడా అరిచింది. మళ్ళీ కళ్ళు మూసుకుంది, మళ్ళీ వచ్చింది. తన రెప్పల మీదే ఆట నడుస్తోందని తోచింది. ఇంత ముఖ్యమైన మనిషిగా ఆమె ఎన్నడూ లేదు. అరిచి అరిచి గొంతు తడారిపోయింది. పాదాల చుట్టూ ఏదో చల్లగా పాకుతున్నా పట్టించుకోలేదు.

చాలాసేపటికి, కళ్ళు మూసుకుని ఉండగా ఆమెకు ఒక సంగతి తట్టింది. జనం అరుపు వినబడుతోంది. వాళ్ళు ఊపిరి బిగపట్టడం కూడా వినబడుతోంది. కానీ బరిలో పాదాల చప్పుడు లేదు. ఊళ్ళో అయితే మట్టిమీద అడుగులు దబదబా వినిపించేవి. ఇక్కడ అంతమంది పరుగెడుతున్నా బరి బావిలా నిశ్శబ్దంగా ఉంది.

మొదటిసారి, కూత మధ్యలో, గవిరి కళ్ళు తెరిచింది.

కూతకు వెళ్ళినవాడు అవతలి జట్టు వైపు చూడటం లేదు, ఆమె వైపు చూస్తున్నాడు. వాడి ముఖం ఆమె ముఖమే. అది నవ్వుతూ, నువ్వు కదిలితే నేను లేను అన్నట్టు తల ఆడించింది. అక్కడున్న ప్రతివాడికీ ఆ బరిలో తన ముఖమే కనిపిస్తోందని అప్పుడు తెలిసింది. పైమెట్టు మీద ఇంకెవరో ఉన్నారు. రెప్పల్లేని రెండు కళ్ళు, రెండు పెద్ద పళ్ళేల్లా, తెరుచుకున్న ఆమె కళ్ళను ఆకలిగా తాగుతున్నాయి.

లేవబోయింది. కాళ్ళు రాలేదు. గడ్డి చీలమండల దాకా అల్లుకుంది. ఉపాయాలన్నీ మాయమై, ఒళ్ళంతటా మిగిలింది దాహం ఒక్కటే.

"నాయనా, దాహంగా ఉంది."

జోగయ్య పళ్ళమధ్యనుంచి తువ్వాలు కొస జారింది.

"ఏమన్నావే?"

"దాహం నాయనా."

"ఒక్క కూత ఆగు తల్లీ. ఇదే ఆఖరు, ఒట్టు."

"అమ్మకూ అలాగే చెప్పావా?"

"లేదు. లేచాను. చెప్పాను కదా, లేచాను."

"లేచి నీళ్ళు తెచ్చావు. అమ్మ దాహమంటే తెచ్చావు. నేను అమ్మ కాళ్ళ దగ్గర ఉన్నాను నాయనా, నాకు గుర్తుంది. గడ్డం మీదికి కారితే నువ్వే చేత్తో తుడిచావు. తాగి, చల్లగా ఉన్నాయి అంది. ఆ తరవాతే పోయింది."

"తాగిందా?" అన్నాడు జోగయ్య. అన్నేళ్ళుగా ఆయనకు తాను లేవడం ఒక్కటే గుర్తుంది. ఆ తరవాతి ముక్క ఎక్కడో రాలిపోయింది. "నిజంగా తాగిందా?"

"చెంబెడూ తాగింది."

జోగయ్య ఆ మాట విని చాలా నెమ్మదిగా కాలు కింద పెట్టాడు. గడ్డివేళ్ళు పటపటా తెగాయి. ఖాళీ బుర్ర అందుకుని లేచి నిలబడ్డాడు.

"కూర్చోరా! కొంప ముంచకు!" వెనకనుంచి ఎవరో అరిచారు.

"ఓరి దరిద్రుడా, ఇప్పుడా లేచేది?" ఆ అరిచింది రాజుగారే.

జోగయ్య బరికి వీపు తిప్పాడు. ఒక్కో మెట్టే దాటుతూ గుమ్మం వైపు నడిచాడు. వెనక ఎర్రజట్టువాడు కూతలో ఉన్నాడు. జనం ఊపిరి బిగపట్టారు. జోగయ్య తిరిగి చూడలేదు. బయటికి వెళ్ళి ఊటలో బుర్ర ముంచిన చప్పుడు బరి అంతటా వినబడింది.

ఆ చప్పుడుతోనే కూతవాడు గీత దాటాడు. ఎర్రజట్టు గెలిచింది.

ఒక్కరూ అరవలేదు.

"అతను లేచాడుగా," అన్నాడు రాజు ఆలోచిస్తూ. "మరి మనం ఓడిపోవాలి కదా?"

ఆయన అనుమానంగా కాలిబొటనవేలు కదిపి చూశాడు. ఏమీ కాలేదు. పక్కవాడు చెయ్యి దించాడు. ఇంకొకడు జామకాయ ఉమ్మేశాడు. "అబ్బా, తిమ్మిరి!" అని ఎవరో అన్నారు. ఆ మాట మెట్టునుంచి మెట్టుకు పాకింది. వేలమంది మూలుగుతూ, నవ్వుతూ, ఒకరి భుజం ఒకరు పట్టుకుని లేచారు. బరిలో ఆటగాళ్ళు దుమ్ముగా రాలిపోయారు. ఆగిన సూర్యుడు చెట్ల వెనక్కి జారాడు.

జనం అందరూ గుమ్మం వైపు తిరిగారు. గవిరి మాత్రం పైకి చూసింది. అన్ని ముఖాలూ చూసిన నిర్నిమేషుణ్ణి ఇంతవరకూ ఎవరూ తేరిపార చూడలేదు. ఆమె చూపు తగలగానే ఆ పెద్ద కళ్ళు తడిశాయి. వాటిమీదికి సన్నటి రెప్పలు దిగాయి. వాడు కునుకు పట్టిన పసివాడిలా ముడుచుకుని, నీడలో కలిసిపోయాడు.

బయట గండభేరుండం ఇంకా పోట్లాడుకుంటూనే ఉంది. "మేం గెలిచాం!" అంది ఎర్రతల. "ఇంకొక్క కూత ఉంటే తెలిసేది" అంది నల్లతల. దారిలో పుట్ట పగిలి ముని బయటికి వచ్చాడు. ఎవరు గెలిచారని మాత్రం అడక్కుండా ఉండలేకపోయాడు.

ఆ ఏడు కోతలు ఆలస్యంగానైనా జరిగాయి. కీర్తిసేనుడు రాజ్యంలోని బరులన్నిటి పెత్తనం గవిరికి అప్పగించి, అడుగమ్మా ఏం కావాలో అన్నాడు. ప్రతి ఆటా సగంలో ఆపాలి, ఆటగాళ్ళూ చూసేవాళ్ళూ లేచి నీళ్ళు తాగాలి అని అడిగింది. రాజు అలాగే చాటింపు వేయించాడు.

కోతలయ్యాక ఊళ్ళో మొదటి ఆట జరిగింది. ఆఖరి కూత, లెక్క సమానం. జోగయ్య పిక్కలు బిగుసుకున్నాయి. ఆయన తనను తానే తిట్టుకుంటూ లేచి, బుర్ర పట్టుకుని బావి వైపు వెళ్ళాడు. గవిరి రెప్పలు వాటంతట అవే వాలబోయాయి. రెండు చేతులతో మోకాళ్ళు గట్టిగా పట్టుకుని కళ్ళు తెరిచే ఉంచింది.

జోగయ్య తిరిగొచ్చేసరికి గట్టు మీద అందరూ తలలు పట్టుకుని ఉన్నారు.

"ఏమైందే?"

"ఓడిపోయాం నాయనా."

ఆయన ముఖం పాలిపోయింది. "నేను లేచినందుకు కాదు కదా?"

"కాదు. గీత దగ్గర వాడి కాలు జారింది. నేను చూశాను."

జోగయ్య కాసేపు ఆమె కళ్ళలోకి చూశాడు. తరవాత పెద్దగా నవ్వి, బుర్ర ఆమె చేతికిచ్చాడు. గవిరి గటగటా తాగింది. గడ్డం మీదికి కారిన నీళ్ళను ఆయన చేత్తో తుడిచాడు.

"చల్లగా ఉన్నాయి" అంది గవిరి.