రక్తతుషారం

రెండువేల ఏడు, ఆషాఢ అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

పాల్వంచ మీద కారుమేఘాలు కమ్ముకొని సూర్యబింబాన్ని మింగేశాయి. అడవుల్లోంచి దొర్లుకుంటూ వచ్చిన భీకరమైన ఉరుము కంపెనీ కాలనీ క్వార్టర్ల కిటికీలను గజగజ వణికించింది. పట్టపగలే ఎక్కడో గుడ్లగూబ కూసింది... ఒకసారి కాదు, మూడుసార్లు!

బాల్కనీలో కెమెరా వెనక మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు జైరాం. ఎదుట ఐస్‌క్రీం డబ్బాలో రూపాయి బిళ్ళంత మొక్క. దాని ఆకుల నిండా వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొసనా ఒక బంకబొట్టు. దోమ వాలిందంటే అంటుకుపోవడమే; ఆకు మెల్లగా ముడుచుకొని దాని సారమంతా పీల్చేస్తుంది. దుమ్ముగూడెం అవతల చిత్తడి నేలల్లో దొరికే ఈ పురుగుల్ని తినే మొక్కలను వాననీళ్ళు పోసి ఇంట్లో పెంచడం, లెన్సు తిరగేసి బిగించి అతి దగ్గరగా ఫొటోలు తీయడం... థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటరుగా పనిచేసే జైరాంకు అదొక పిచ్చి.

కానీ ఇప్పుడు లెన్సులో కనిపిస్తున్నది దోమ కాదు!

నెత్తుటి రంగు బొట్టు లోపల ఆవగింజంత ముఖం... నోరు తెరిచి అరుస్తున్న స్త్రీ ముఖం... అతని భార్య గోరి ముఖం!

మొక్క మీద వెంట్రుక ఒకటి వంగింది. లోపలి గదిలో మంచం మీదున్న గోరి కెవ్వుమంది. ఆమె కుడిచేతి వేలొకటి పటుక్కున లోపలికి ముడుచుకుపోయింది.

"అల్లుడా! ఆ ఆకు తుంపెయ్!" ఇల్లందు దగ్గరి తండా నుంచి పొద్దున్నే బస్సులో వచ్చిన అత్త ద్వాలి, బిడ్డ పక్కనుంచి అరిచింది.

"నిన్న తుంపబోయిన అత్తమ్మా. కత్తెర ఆనంగనే గోరి మెడ మీద నెత్తురొచ్చింది. నేనేం జెయ్యాలె!"

ఇరవై రోజుల కిందట ఫొటో స్టూడియోలో అతని ప్రింట్లు చూసి పరిచయం చేసుకున్నాడు విరూపాక్షం. మూలికలు అమ్ముతానన్నాడు. వాడిపోతున్న మొక్కలకని గుప్పెడు నల్లపొడి ఇచ్చాడు. "ఇంటి ఇల్లాలే చేత్తో చల్లాలె. ఆ తర్వాత నువ్వు తీసే ఫొటో లోకంలో ఎవడూ తీసి ఉండడు!"

ఎరువు వేస్తే చచ్చే మొక్కలవి. ఆ సంగతి జైరాంకు బాగా తెలుసు. "ఏందిది, గిట్ల వల్లకాడు వాసనొస్తుంది?" అని గోరి వెనకాడింది కూడా. అయినా ఆశ! "జల్దీ చల్లు, వెలుతురు పోతుంది" అని తొందరపెట్టాడు. మర్నాటికల్లా బొట్లన్నీ ఎర్రబారాయి. మురిసిపోయి రోజూ ఫొటోలు తీశాడు. అప్పుడే గోరి మంచం పట్టింది. దవాఖానాలో రోగం అంతుచిక్కలేదు. నాలుగు రోజుల కిందట ఒక ఫొటోను కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే... బొట్టులో ఆ ముఖం!

ధడేల్మని తలుపు తెరుచుకుంది. గుమ్మంలో విరూపాక్షం! చేతిలో కుంకుమ పూసిన కపాలం!

"ఆ మొక్కలో ఉన్నది నీ పెండ్లాం ప్రాణంరా! ఈ ఘడియల బొట్టు తాగితే దాని ఆయుష్షు నాదే!"

జైరాం అతని మీదికి దూకబోయాడు. మాంత్రికుడి పెదవులు కదిలాయి... అంతే! పాదాలు నేలకు, చేతులు కెమెరాకు, కన్ను కెమెరా అద్దానికి అతుక్కుపోయాయి. గింజుకున్నకొద్దీ ఇంకా బిగుసుకుపోతున్నాడు.

"నన్ను తీస్కో! దాన్ని ఇడిచిపెట్టు!"

"పొడి చల్లింది నీ చెయ్యి కాదు కదరా!" వికటాట్టహాసం చేస్తూ విరూపాక్షం మొక్క వైపు వంగాడు.

అప్పుడు ద్వాలి రెండు చేతులతో నేలను చరిచింది. ఆమెకు మంత్రాలు రావు. తమ తండా దేవతను కన్నతల్లితో జగడమాడినట్టు నిలదీసింది.

"మేరామ యాడీ! తల్లీ! పుట్టంగనే ఈ బిడ్డను నీ ఒడిలేసిన. దీన్ని పురుగు లెక్క తింటుండ్రు. సూసుకుంట కూసుంటవా!"

పిడుగు పడింది!

మంచం మీది గోరి లేచి నిలబడింది. విరబోసిన కురులు... నిప్పుకణికల్లాంటి కళ్ళు... నూరు గంటలు ఒక్కసారి మోగినట్టు గొంతు!

"నా బిడ్డను తాగొచ్చినవా? తాగు!"

ఒక్క అంగలో బాల్కనీలోకి వచ్చి విరూపాక్షం మణికట్టు పట్టి, అతని వేలిని ఆకుకేసి అదిమింది. కదలలేని జైరాం కంటి ముందు, లెన్సులో, ఒక్కో వెంట్రుకా వంగి ఆ వేలిని చుట్టుకుంది. చర్మం ముడతలు పడింది... గోరు రాలింది... చెయ్యి, భుజం, చెంపలు చూస్తుండగానే లోపలికి పీక్కుపోయాయి. ఆర్తనాదం సగంలో తెగిపోయింది. కపాలం రెండుగా పగిలింది. నేల మీద మిగిలింది, సారం పీల్చేసిన పురుగు పెంకులాంటి తోలు మాత్రమే! మొక్క నల్లగా మాడి కూలింది. బొట్టులోని ముఖం మాయమైంది. గోరి తల్లి ఒడిలో వాలిపోయి, మామూలుగా ఊపిరి తీసింది.

తొమ్మిదో నాడు ఆమె తల్లి వెంట బయలుదేరింది. ఇల్లందు బస్సు దాకా సంచి మోసుకొచ్చాడు జైరాం.

"కెమెరా అమ్మేసిన గోరీ... మొక్కలన్నీ పారేసిన."

"అవ్, మా యాడి చెప్పింది." బస్సు మెట్టు మీద ఆగింది గోరి. "గా బొట్టులకెల్లి నాకు నీ కన్నొక్కటే కనపడేది. గుడిసెంత కన్ను. నేను ఒర్లుతనే ఉన్న... నువ్వు ఫొటోలు తీస్తనే ఉన్నవ్."

"నాకు కనపడలే గోరీ... ఒట్టు!"

"తెలుసు. నీ మీద కోపం లేదు. కానీ నువ్వు సూస్తే చాలు, నాకు ఊపిరాడతలేదు."

బస్సు కదిలింది. జైరాం తల దించుకొని, తన చెప్పుల వైపే చూస్తూ నిలబడ్డాడు. కిటికీలోంచి ఆమె వెనక్కి తిరిగి చూసిందో లేదో అతనికి తెలియదు.