మేడం, మీ వాక్యం?

మెట్టుగూడలో హదస్సా నడిపే స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో ఒకటే రూలు. వాక్యంలో తప్పులుండొచ్చు, అబద్ధం ఉండకూడదు.

ఆ సాయంత్రం పాఠం ‘లుక్ ఫార్వర్డ్ టు’. చెప్పే మనిషికి మాత్రం నిలబడే ఓపిక కూడా లేదు. పొద్దున్నుంచీ బేగంపేట ఆఫీసులో కస్టమర్ల తిట్లకు జవాబులు టైపు చేసి, మెట్రోలో నిలబడి వచ్చింది.

“అంటే ఇష్టంగా ఎదురుచూడటం. పండక్కి, జీతానికి, చుట్టాలకి వాడొచ్చు. ఇంజెక్షన్‌కి వాడం,” అంది.

“చుట్టాలకి సుత వాడం మేడం,” అంది ముందు వరసలోని కల్పలత. “మా అత్తమ్మ తిరిగి ఊరికి పోయే ఆదివారానికైతే వాడత.”

క్లాసంతా నవ్వింది.

కిటికీ పక్క కుర్చీలోంచి యెషయా చెయ్యెత్తాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. ఎంత కడుక్కున్నా గోళ్లలో గ్రీజు పోదు, ఎంత చెప్పినా ప్రశ్నలు ఆగవు.

“ఆఫీసోళ్లు మెయిల్ కింద ఇదే రాస్తరు గద మేడం, మీ జవాబు కోసం చూస్తున్నమని. నిజంగ ఇష్టంగనే చూస్తరా?”

“అది మర్యాదకి. నేనూ రోజూ రాస్తా. ఆ జవాబు రాకపోతేనే నాకు హాయి.”

“మరి నిజంగ దేనికోసం చూస్తరు? మీ వాక్యం చెప్పండి. రూలు మీకు సుత ఉంటది గద.”

హదస్సా వెతుక్కుంది. ఆదివారమా? చర్చి, బట్టలు ఉతకడం, మళ్లీ సోమవారం.

“నాకేం లేదు,” అంది చివరికి. ఈసారి ఎవరూ నవ్వలేదు. పెళ్లీడు పిల్ల అనాల్సిన మాటా అది, పాపం.

క్లాసు అయ్యేసరికి వాన పట్టుకుంది. అందరూ వెళ్లిపోయినా యెషయా మెట్ల దగ్గరే ఉన్నాడు.

“మీ ప్రమోషన్ పరీక్ష ఎప్పుడో అయిపోయింది కదా. ఇంకా ఎందుకొస్తున్నారు?” అని అడిగింది హదస్సా.

“నిజమే చెప్పాల్నా?”

“రూలు.”

“పొద్దంత ఈ క్లాసు కోసమే చూస్త. మీ కోసం.”

హదస్సా గుండె ఝల్లుమంది. కాళ్లు మాత్రం లాగుతూనే ఉన్నాయి.

“నేను బాగా అలిసిపోయాను, యెషయా. ప్రేమించడానికి కూడా ఓపిక లేదు.”

“ఇప్పుడే ప్రేమించమంటలేను. జెర కూసోండి. చాయ్ తెస్త.”

ఆమె మెట్ల మీద కూర్చుని చాయ్ తాగింది. అతను ఇంకేం అడగలేదు. తనను కూర్చోమన్న మనిషి ఈ మధ్య ఇంకెవరూ లేరని ఇంటికెళ్లాక తట్టి, ఏడుపొచ్చింది.

మర్నాడు కిటికీ పక్క కుర్చీ ఖాళీ. హదస్సా సగం పాఠం గుమ్మానికే చెప్పింది. మనసు చెప్పినవాణ్ణి ఓపిక లేదని కాదన్నది తనే కదా, ఇప్పుడు చూసి ఏం లాభం అని తనను తనే తిట్టుకుంది. పాఠం అయిపోవస్తుండగా యెషయా తడిసి ముద్దై వచ్చాడు.

“సారీ మేడం. వర్క్‌షాపుల లేటయింది.”

“కూర్చోండి. నిన్న ‘నాకేం లేదు’ అన్న నా వాక్యం తప్పు.”

“గ్రామరా?”

“కాదు,” అంది హదస్సా, చేతిలోని డస్టర్ వైపు చూస్తూ. “అబద్ధం.”