మిగులు గడి

మూడో గడిలో ధైర్యం మళ్ళీ పెరిగింది. తెర మీద పచ్చగీత మెల్లగా పైకి పాకుతుంటే కాశింబీ హెడ్‌ఫోన్ సర్దుకుని వింది. అక్కడి నేలలో పాతిన యంత్రపు చెవి నుంచి గరగరమని చప్పుడు వస్తోంది. అది మనిషి నడకో, మేక నడకో, ఎండిన తుమ్మకొమ్మ రాళ్ళకు రాసుకుంటోందో తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం లేదని, కాల్పులు నిర్ణయించే తూకం యంత్రం అభిప్రాయం. ఏదో కదిలింది కాబట్టి అక్కడున్నవాడికి భయం తగ్గిందని దాని లెక్క. వేలిపలక ఎర్రగా వెలిగింది. కాశింబీ బొటనవేలు ఆనించింది. గుట్ట వెనక ఫిరంగులు వరసగా మోగాయి. పచ్చగీత కిందికి జారింది.

ఆ వెంటనే శత్రువులైన ఎగువవాళ్ళ ఫిరంగులు బదులిచ్చాయి. వాళ్ళకూ ఒక తూకం ఉంది. మన చప్పుడును బట్టి అది కాలుస్తుంది, దాని చప్పుడును బట్టి మనది కాలుస్తుంది. మధ్యలో నది ఉందన్న సంగతి రెండిటికీ పట్టదు. ఆ నదిలో నీళ్ళ కోసమే యుద్ధం మొదలైందన్న సంగతి మనుషులకే గుర్తులేదు.

కాశింబీ పనిచేసే అదుముడు గదిలో రోజంతా ఇదే పని. గుండు ఎవరినీ తాకనక్కర్లేదు. అవతలివాడు గోతిలోంచి తల ఎత్తకపోతే చాలు. కానీ భయం వేసవిలో పాల లాంటిది, ఎక్కువసేపు నిలవ ఉండదు. మళ్ళీ మళ్ళీ కొత్తది పొయ్యాలి. ఇన్ని గుండ్లు ఎందుకని అడిగిన వాళ్ళందరికీ శిక్షణలో చెప్పే జవాబు ఇదే. పోయిన ఎండాకాలం ముళ్ళకంచెకు చిక్కుకున్న ఒక గుడ్డపేలిక గాలికి ఊగిందని తూకం రెండు రోజులు దాని చుట్టూ గుండ్లు కురిపించింది. పేలిక కాలిపోయాక ఆ గడిని గెలిచినట్టు ప్రకటించి, గదిలో అందరికీ మిఠాయి పంచారు. కాశింబీ తన లడ్డూను చెత్తడబ్బాలో పారేసింది.

ఆ శిక్షణలో చెప్పని జవాబు ఇంకొకటుంది. ఇవాళ ఎంత కాలిస్తే రేపు అంతే ఇస్తారు. మిగిలిందంటే అవసరం లేదన్నమాట, కోత పడుతుంది. కోత పడిన స్థావరానికి కమాండెంటుగా ఉండాలని ఎవరికి ఉంటుంది? అందుకే సాయంత్రం సైరన్ మోగాక, మిగిలిన గుండ్లన్నీ పందొమ్మిదో గడిలోకి పోస్తారు. యుద్ధం మొదలైన కొత్తల్లో ఎవరో ఆ గడిని శూన్యం అని గుర్తించారు. శూన్యంలో మనుషులుండరు. అక్కడి చెవులను ఎవరూ వినరు. శూన్యంలోకి కాల్చడానికి తూకం కారణం అడగదు.

శూన్యంలో పడిన ఇనుము మాత్రం శూన్యం కాదు. స్థావరం కాలనీ ఆడవాళ్ళు పగలంతా పందొమ్మిదో గడిలో పేలిన గుండ్ల పెంకులు ఏరుతారు. గుండ్ల కార్ఖానా వాటినే కరిగించి మళ్ళీ గుండ్లు పోస్తుంది. సైరన్‌కు ముందే ఆడవాళ్ళు బయటపడతారు, సైరన్ తర్వాతే మిగులు పడుతుంది. ఎవరూ పైకి అనని ఒప్పందం అది. కమాండెంట్ నరహరికీ తెలుసు. ఆయన క్వార్టర్ గేటు ఆ ఇనుముతో చేసిందే.

మధ్యాహ్నం భోజనాల వేళకు ఆ నరహరే గదిలోకి వచ్చాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు.

"గుండ్ల రైలు ముందే వచ్చేస్తోంది. వెంట తనిఖీవాళ్ళు కూడా ఉన్నారు. గోదాం నిండుగా కనపడిందంటే మన పని అయిపోయినట్టే. మిగులు ఇప్పుడే పోసేయండి."

"సైరన్ కాలేదు కదా సార్," అంది కాశింబీ.

"సైరన్‌తో పనేముంది? శూన్యమే కదా."

ఆయన తనిఖీవాళ్ళ టీ ఏర్పాట్ల కోసం బయటికి నడిచాడు. గుండ్లను ఫిరంగులకు చేరవేసే పట్టా నడిపేది మద్దిలేటి. మీట వదిలేసి అతను కాశింబీ బల్ల దగ్గరికి వచ్చాడు.

"కాశింబీ, మీ వదిన, మా ఓబుళమ్మ, పోయిండాది."

"యాడికన్నా?"

"యాడికేంది! పందొమ్మిదికే. ఆమెతో పాటు కాలనీ ఆడోళ్ళంతా ఆడే ఉండారు. పొద్దుగూకేదాకా రారు. పొయ్యి పిలుద్దామంటే, గుట్ట దాటేసరికే అంతా అయిపోతాది."

"సార్‌కు చెప్పినావా?"

"చెప్తే ఏమంటాడు? నిషేధిత ప్రాంతంలోకి ఎవరు పొమ్మన్నారంటాడు. ఆమెనూ లోపలేస్తాడు, నన్నూ లోపలేస్తాడు." మద్దిలేటి ఆమె బల్ల అంచు పట్టుకున్నాడు. "నువ్వే ఏమన్నా చెయ్యల్లమ్మా."

కాశింబీ పందొమ్మిదో గడి చెవిని తెరిచింది. మొదట గాలి వినిపించింది. తర్వాత ఇనుము మీద ఇనుము పడుతున్న చప్పుడు, ఎవరో ఎవరినో మంచినీళ్ళ సీసా ఇమ్మని కేకేయడం, గంప ఎత్తడానికి ఒక చెయ్యి వెయ్యమనడం. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. గుడ్డపేలిక కదిలితే రెండు రోజులు వినే చెవులు, ఇంతమంది మాట్లాడుకుంటుంటే ఇన్నేళ్ళుగా మూసుకునే ఉన్నాయి. ఆ మూసిన చెవుల పక్కన కూర్చుని రోజూ వేలు ఆనించింది తనే. ఆ కోపం నరహరి మీద ఎంతో, తన మీదా అంతే ఉంది.

వేలిపలక ఎర్రగా వెలిగింది. కాశింబీ దాన్ని ముట్టుకోలేదు. గడుల పటం తెరిచి, పందొమ్మిది మీద శూన్యం అన్న మాట చెరిపేసి, జనసంచారం అని నమోదు చేసింది. చెవి వినిపిస్తున్న చప్పుడును సాక్ష్యంగా జతచేసింది. ఇది ఎవరైనా చేయగలిగిన పనే. శిక్షణలో మొదటి రోజే నేర్పిస్తారు. ఇంతవరకూ ఎవరూ చేయలేదంతే.

తూకం ఒక క్షణం ఆగింది. పటంలో శూన్యం ఇంకెక్కడా లేదు. మిగులు పోయడానికి చోటు లేదు. పట్టా కిర్రుమని నిలిచిపోయింది.

ఆ చప్పుడుకు నరహరి పరుగున వచ్చాడు.

"ఎవరు ఆపారు?"

"గడిలో మనుషులున్నారు సార్. నమోదు చేశాను."

"మార్చెయ్. మళ్ళీ శూన్యం అని పెట్టు."

"నా చేతిలో లేదు సార్. జనం ఉన్నారని ఒకసారి నమోదయ్యాక, ఒక అధికారి స్వయంగా ఆ గడిలోకి వెళ్ళి, ఎవరూ లేరని చూసి రావాలి. మీరు వెళ్ళొస్తారా?"

నరహరి తెర వైపు వంగి, తనే కాల్పుల ఆదేశం ఇచ్చాడు. తూకం కారణం అడిగింది. ఆయన మిగులు అని కొట్టాడు. అది కారణం కాదంది. గోదాం ఖాళీ చేయాలి అని కొట్టాడు. అదీ కాదంది. చివరికి శత్రువులు అని కొట్టాడు. తూకం ఒప్పుకుంది. జనమున్న గడి కాబట్టి ఆదేశమిచ్చిన అధికారి పేరు, బొటనవేలు కావాలంది.

"నీ వేలు పెట్టు," అన్నాడు నరహరి.

"మీది అడుగుతోంది సార్." కాశింబీ హెడ్‌ఫోన్ తీగ పీకేసింది. గదంతా ఆడవాళ్ళ మాటలతో నిండిపోయింది. "వినండి. అదిగో, ఆ గట్టి గొంతు మద్దిలేటన్న భార్యది. మీ గేటుకు ఇనుము మోసింది వీళ్ళే. పెట్టండి సార్ వేలు. రోజూ మా చేత పెట్టిస్తారు కదా, ఒక్కసారి మీరు పెట్టండి!"

ఆమె అరిచిందని అరిచాక గాని ఆమెకే తెలియలేదు. నరహరి చెయ్యి పలక దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. తర్వాత కొత్త చొక్కా అంచుకు తుడుచుకుంటున్నట్టు వెనక్కి వచ్చేసింది.

"నీకు అర్థం కావడం లేదు," అన్నాడు. గొంతులో ఇప్పుడు అధికారం లేదు, ఏడుపు ఉంది. "ఇవాళ మిగిలిపోతే రేపు కోటా కోసేస్తారు. అప్పుడేం చేస్తాం?"

"ఇచ్చినంతే కాలుస్తాం సార్."

"ఎల్లుండి ఇంకా కోస్తారు."

"కొయ్యనీండి."

గుట్ట అవతల రైలు కూత వేసింది. దింపుకోవడానికి గోదాంలో చోటు లేదు. మన ఫిరంగులు మోగక చాలాసేపైంది. బదులివ్వడానికి చప్పుడేమీ దొరకక, ఎగువవాళ్ళ తూకం కూడా ఊరుకుంది. ఆ నిశ్శబ్దంలో స్పీకర్‌లోంచి ఓబుళమ్మ గొంతు మోగింది.

"ఏమ్మే, ఇంత గమ్మునుండాదేంటికి? ఫిరంగులోళ్ళంతా సచ్చినారా ఏంది?"

ఎవరో పకపకా నవ్వారు. మద్దిలేటి నేల మీద కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

తెర మీద మూడో గడిలో పచ్చగీత మళ్ళీ పైకి పాకడం మొదలుపెట్టింది. అవతల ఎవరో గోతిలోంచి తల ఎత్తి, ఈ నిశ్శబ్దమేమిటో చూస్తున్నట్టుంది. వేలిపలక ఎర్రగా వెలిగి, కాశింబీ బొటనవేలు అడిగింది.

కాశింబీ చేతులు కట్టుకుని, ధైర్యాన్ని పెరగనిచ్చింది.