శనివారం కోటు

ఆదివారం ఉదయం 7.10. నాంపల్లి స్టేషన్ వెనక సందు.

బాలకిషన్ గడప మీద తల ఆనించి పడి ఉన్నాడు. వయసు డెబ్బై ఒకటి. తల వెనక గాయం. రక్తం ఎప్పుడో ఆరిపోయింది.

ఎస్.ఐ. జెర్లిన్ గది చూసింది. ఒక మంచం. ఒక కుర్చీ. ఒక కంచం. ఆ గది చూస్తే ఎవరికైనా దిగులేస్తుంది. టీ గ్లాసులు మాత్రం రెండున్నాయి.

గోడకు మగవాళ్ల స్వెడ్ కోటు వేలాడుతోంది. తేనె రంగు, నూగున్న మెత్తటి తోలు. కాలరు లోపల పేరు కుట్టి ఉంది. జ్ఞానశేఖర్. కింద పరిచిన పేపరు నిండా తెల్లటి పిండి. దాని మీద ఒక చెప్పు ముద్ర. పక్కన మెత్తటి బ్రష్షు, పెన్సిల్ రబ్బరు, వెనిగర్ సీసా.

"ఆయన అబిడ్స్‌ల డ్రైక్లీనింగ్ షాపుల ముప్పై ఏండ్లు పన్జేసిండు మేడం," అన్నాడు ఇంటి ఓనర్ సురేందర్. పై పోర్షన్‌లో ఉంటాడు. పోలీసులకు ఫోన్ చేసింది అతనే. "షాపు మూసేసిన్రు. గప్పటి సంది ఇంట్లనే కోట్లు సాఫ్ చేస్తడు."

"నిన్న ఎవరొచ్చారు?"

"రత్నమణి అని ఒకామె. పక్క గల్లీల ఉంటది. ప్రతి శనివారం వస్తది. నిన్న అయిదింటికి వచ్చింది. అయిదున్నరకు లొల్లి ఇనబడ్డది. ధన్‌మని ఏదో పడ్డది. తర్వాత ఆమె ఉరుక్కుంట పోయింది."

"మీరు దిగి చూడలేదా?"

"వాళ్లిద్దరి నడుమ నాకేం పని? ఆరింటికి కాచిగూడల పెండ్లికి పోయిన. తొమ్మిదింటికి వచ్చి గేటుకు తాళం ఏసిన. పండుకున్న."

"ఈ గదిలోకి వచ్చారా?"

"లేదు మేడం. పొద్దుగాల బయటి నుంచే చూసి ఫోన్ జేసిన."

"రాత్రి గేటు లోపల ఎవరెవరున్నారు?"

"పైన నేను, కింద ఆయన. గంతే."

పెళ్లివాళ్లను అడిగారు. ఎనిమిదిన్నర దాకా సురేందర్ అక్కడే ఉన్నాడు. చావు సాయంత్రం అయిదుకీ రాత్రి పదికీ మధ్య అని డాక్టరు చెప్పాడు.

మధ్యాహ్నం 12.30. కబురందగానే రత్నమణి చర్చి నుంచి నేరుగా పోలీస్ స్టేషన్‌కు వచ్చింది. యాభై ఎనిమిదేళ్లు. మిషన్ స్కూల్లో టీచరుగా చేసి మానేసింది. చేతిలో బైబిలు.

"నిన్న సాయంత్రం ఎక్కడున్నారమ్మా?"

"ఇంట్ల."

"బాలకిషన్ తెలుసా?"

"తెల్వదు."

"మీ ఆయన పేరు?"

"జ్ఞానశేఖర్. చనిపోయి నాలుగేండ్లయింది."

స్టేషన్ రైటర్ ఫణికుమార్ తలెత్తాడు. కేసు అప్పుడే తేలిపోయినట్టు పెన్ను సర్దుకున్నాడు. ఎవరిని అరెస్టు చేస్తే తొందరగా భోజనానికి వెళ్లొచ్చో ఆయనకు బాగా తెలుసు.

"ఆ పేరున్న కోటు బాలకిషన్ గదిలో ఉందమ్మా," అంది జెర్లిన్.

"కోటు ఇయ్యనీకి పోయిన," అంది రత్నమణి. "నువ్వుల నూనె పడ్డది. ఆయన కార్న్‌ఫ్లోర్ చల్లిండు. టీ ఇచ్చిండు. అయిదు నలభైకి వచ్చేసిన. గప్పుడు బతికే ఉన్నడమ్మా. దేవుడే సాక్షి."

"మరి తెలీదని ఎందుకన్నారు?"

ఆమె తల వంచుకుంది.

సోమవారం ఉదయం 11.00. అబిడ్స్. ఒక చిన్న లెదర్ రిపేరు షాపు. అమరేశ్వరరావు ఒకప్పుడు బాలకిషన్ పక్కనే కూర్చుని పనిచేసినవాడు.

"స్వెడ్‌కు నీళ్లు తగలనీయొద్దమ్మా. గట్టిపడి అట్టయితది. నూనె పడితే పిండి చల్లి వదిలెయ్యాలె. మూడు గంటలకు తక్కువ కాదు."

"తర్వాత?"

"పిండి దులపాలె. జర వేడినీళ్ల ఆవిరి చూపి, ఒక్క దిక్కుకే బ్రష్ కొట్టాలె."

"తొందరపడితే?"

"మరక గట్లనే ఉంటది. బాలకిషన్ ఎన్నడూ తొందరపడలె." ఆయన కళ్లద్దాలు తీశాడు. "దవాఖాన నుంచి తీసుకపోనీకి ఎవరన్న వచ్చిన్రా ఆయనను?"

ఎవరూ రాలేదు. ఆ మాట చెప్పడానికి జెర్లిన్‌కు మనసు రాలేదు.

సాయంత్రం 4.00. స్టేషన్‌లో బల్ల మీద కోటు పరిచి ఉంది. ఇటు రత్నమణి. అటు సురేందర్.

"మరక కనిపిస్తోందా?" అని సురేందర్‌ను అడిగింది జెర్లిన్.

"లేదు మేడం."

"ఆమె అయిదింటికి వచ్చిందని చెప్పింది మీరే. అప్పుడు పిండి చల్లినా, ఎనిమిది దాకా దులపకూడదు. కానీ పిండంతా దులిపేసి ఉంది. ఆవిరి పట్టి, బ్రష్ కూడా కొట్టాడు. అయిదున్నరకు చచ్చిపోయినవాడు ఎనిమిదింటికి కోటు ఎలా దులిపాడు?"

సురేందర్ పెదవులు తడుపుకున్నాడు. కోటంటే సర్ఫ్ నీళ్లలో ముంచి తీస్తే అయిపోయే పని అని అతని లెక్క. దానికి గంటలు పడుతుందని అతనికి ఎవరు చెబుతారు?

"దులిపిన పిండి మీద చెప్పు ముద్ర ఉంది. అంటే ఎనిమిది తర్వాత ఎవరో తొక్కారు. గదిలోకే రాలేదన్నారుగా. మీ చెప్పు ఇలా ఇవ్వండి."

ఫణికుమార్ ఆ చెప్పు తీసుకుని ముద్ర ఫొటో పక్కన పెట్టాడు. మడమ దగ్గరి చిరుగుతో సహా సరిపోయింది.

సురేందర్ కుర్చీలో కూలబడ్డాడు.

"చంపుదామని కాదు మేడం. ఇల్లు పడగొట్టి కడదామనుకున్న. ఖాళీ చెయ్యమని ఆర్నెల్ల సంది అడుగుతున్న. ఇంకో ఇల్లు నేనే చూపిస్త అన్న. శనివారం రాత్రి పెండ్లి నుంచి వచ్చి మల్ల అడిగిన. ఇనలే."

"ఏమన్నాడు?"

"'శనివారం ఆమె వస్తది. నేను లేకుంటే గడప కాడ నిలబడి పోతది. నేను పోను' అన్నడు. కోపమొచ్చి నూకిన. గడప తాకింది."

రత్నమణి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సురేందర్‌ను లోపలికి తీసుకెళ్లారు. జెర్లిన్ ఆమె పక్కకు కుర్చీ లాక్కుంది.

"ఒక్కటి అడుగుతా ఆంటీ. నాలుగేళ్లుగా ఈ కోటు ఎవరూ తొడగలేదు. ప్రతి శనివారం దీని మీద నూనె ఎలా పడుతోంది?"

రత్నమణి కోటు కాలరు సర్దింది.

"నేనే పోసిన."

"ఎందుకు?"

"మరక లేకుంటే ఏమని చెప్పి పోవాలె బిడ్డా? వారమంతట్ల నాతోని మాట్లాడేది ఆయనొక్కడే. చర్చిల తెలిస్తే ఏమంటరోనని తెల్వదన్న."

జెర్లిన్ ఉండేది హాస్టల్ గదిలో. తన డ్యూటీ అయ్యాక తనతో మాట్లాడేవాళ్లెవరూ లేరు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

"స్టేట్‌మెంట్‌లో కోటు ఇవ్వడానికి వెళ్లారని రాస్తే చాలు. మిగతాది ఎవరికీ తెలియక్కర్లేదు."

రత్నమణి తలూపింది. లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"ఆయనను ఎవరు తీసుకపోతరు?"

"ఎవరూ రాలేదు ఆంటీ."

ఆమె వెనక్కి వచ్చి కూర్చుంది.

"నేను తీసుకపోత."

ఫణికుమార్ శవాన్ని అప్పగించే ఫారం తీశాడు. పేరు, వయసు, అడ్రసు రాశాడు. ఒక గడి దగ్గర పెన్ను ఆగింది.

"ఆయనకు మీరేమైతరమ్మా?"

"చుట్టాన్ని కాదు. ప్రతి శనివారం ఆయనను చూడనీకి పోయేదాన్ని. గట్లనే రాయుండ్రి. స్టేట్‌మెంట్ల గూడ గదే రాయుండ్రి."

ఫణికుమార్ మేడం వైపు చూశాడు.

"ఆమె చెప్పినట్టే రాయండి," అంది జెర్లిన్.