హోలీ పున్నమికి పీతలు

"అది పీత కాదండీ, పీత శవం."

పక్క బల్ల మీంచి వచ్చిన ఆ మాటకి హాసిని చేతిలోని డెక్క నోటి దగ్గరే ఆగిపోయింది.

ఢిల్లీ బేర్ సరాయ్‌లో అంకయ్య మెస్సు అంటే మోచేతులు దగ్గర పెట్టుకుని తినాల్సిన చోటు. కలెక్టర్లు కావాలని వచ్చినవాళ్లూ, కాలేక మిగిలిపోయినవాళ్లూ అక్కడ ఒకే గిన్నెలోంచి సాంబారు పోసుకుంటారు. ఆ ఆదివారం అంకయ్య ఎక్కడినుంచో ఐసు పెట్టెలో పీతలు తెప్పించి కూర వండించాడు. గురుగ్రామ్‌లో ఉద్యోగం చేసే హాసిని, ఇక్కడే గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్న స్నేహితురాలు శ్రుతిని వెంటబెట్టుకుని ఆ కూర కోసమే వచ్చింది.

"ఎక్స్‌క్యూజ్ మీ! తింటున్నది నేనా, మీరా?" అంది.

"మీరే. అందుకే జాలేసింది" అన్నాడు ఆ మనిషి. పేరు విష్ణువర్ధన్. ఒకప్పుడు తనూ సివిల్స్ రాసినవాడే. ఇప్పుడు అదే సందులో కోచింగ్ సెంటర్లో జాగ్రఫీ చెప్పుకుంటున్నాడు. "మాది చీరాల పక్కన సముద్రం ఒడ్డు. ఏరు సముద్రంలో కలిసేచోట పీతని పట్టి, అటునుంచి అటే పొయ్యెక్కిస్తాం. డెక్క కొరికితే తియ్యగా తగలాలి. ఇది చూడండి, తడిసిన దూది."

"అచ్ఛా? నాకు దూదే ఇష్టం. మీకేంటి ప్రాబ్లమ్?"

అంకయ్య గరిటెతో సహా బయటికొచ్చాడు. "విష్ణుబాబూ, తిన్నది అరక్క నా బేరం చెడగొడతావేంటయ్యా!"

"ఉండండి అంకుల్, నేను చూసుకుంటా" అని హాసిని కుర్చీ ఇటు తిప్పింది. "మాటలు ఎవరైనా చెప్తారు సర్ జీ. తీసుకెళ్లి తినిపించండి. మీ ఊరి పీత దీనికంటే బాగుంటే ఇదే మెస్సులో అందరి ముందూ సారీ చెప్తా. బాగోలేదనుకోండి, మీరు ఇక్కడే కూర్చుని అంకయ్య అంకుల్ పీతల కూర తిని, అద్భుతం అని అరవాలి. పక్కా?"

"పక్కా."

ఆమె గెలిచినట్టే నవ్వింది. చెంప మీద చిన్న కూర మరక. చెబుదామనుకున్నాడు విష్ణు. చెబితే తుడిచేసుకుంటుందని ఊరుకున్నాడు.

అక్కడ మొదలైంది.

ఆ చలికాలమంతా, పొగమంచులో ఎదుటి మనిషి కనిపించని రోజుల్లో కూడా, ఆదివారం వచ్చేసరికి ఆమె ఎర్ర మఫ్లరు మాత్రం సందు మొదట్లోనే కనిపించేది. "ఏం సర్ జీ, మీ పీతలు ఇంకా ట్రైన్ ఎక్కలేదా?" అనేది. 'మీరు' కాస్తా ఎప్పుడో 'నువ్వు' అయింది. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల. కోపం హిందీలో, లెక్కలు ఇంగ్లీషులో, ఎగతాళి మాత్రం తెలుగులో వచ్చేవి. ఆటోవాడితో దెబ్బలాడి గెలిచేది. గెలిచాక అదే ఆటోవాడి కూతురి చదువు గురించి అడిగి, ఏ స్కూలు మంచిదో చెప్పి దిగేది. ఇట్లాంటి మనుషులు కూడా ఈ ఊళ్లో మిగిలున్నారా అని విష్ణుకి ఆశ్చర్యంగా ఉండేది.

మనసులో మాట మాత్రం చెప్పలేదు. ఇంటర్వ్యూ గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చినవాడు. 'కాదు' అనే మాట ఇంకోసారి వినే ఓపిక అతనిలో లేదు.

ఫిబ్రవరి ఆఖర్లో, చినుకులు పడుతుంటే టీ బండి పట్టా కింద నిలబడి హాసిని అంది: "ఏప్రిల్ నుంచి నన్ను పుణె ఆఫీసుకి వేస్తున్నారు."

విష్ణు టీ గ్లాసు బండి మీద పెట్టేశాడు.

"అందుకే చెప్తున్నా. హోలీకి లాంగ్ వీకెండ్ వస్తోంది. అదే లాస్ట్ ఛాన్స్. మీ ఊరెళ్దాం. టెంట్లు, గాలాలు, పీతలు, ఫుల్ క్యాంపింగ్! పందెం తేలకుండా నేను ఢిల్లీ వదల్ను."

"చలో!" అని విష్ణు రూమ్మేట్ రవికిరణ్ అప్పటికే ఫోన్లో టికెట్లు వెతుకుతున్నాడు. శ్రుతి పుస్తకాల సంచీ ఎగరేసి పట్టుకుంది.

హోలీ అంటే పున్నమి.

సముద్రం ఒడ్డున పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేని సంగతి ఒకటుంది. వెన్నెల రోజుల్లో పీత గుల్ల. పైన పెంకు గట్టిగానే ఉంటుంది, విరిస్తే లోపల నీళ్లు. కండ నిండేది చీకటి రోజుల్లో, అమావాస్య దగ్గరపడే కొద్దీ. విష్ణు ఊళ్లో పున్నమి వారంలో పీత పట్టుకొచ్చినవాణ్ణి పెళ్లాం గుమ్మం బయటే నిలబెడుతుంది.

'హోలీకి వద్దు, అమావాస్యకి వెళ్దాం' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. హోలీ తర్వాతి అమావాస్యకి సెలవులుండవు. అప్పటికి ఈ పిల్ల సామాన్లు కట్టుకుంటూ ఉంటుంది. తర్వాత పుణె. తర్వాత పండగ మెసేజీలు. ఆ తర్వాత అవీ ఉండవు. లోకం తీరు అతనికి తెలియనిది కాదు.

మాట మింగేశాడు. "వెళ్దాం" అన్నాడు. పందెం పోయిందని అతనికి అక్కడే, ఆ పట్టా కిందే తెలుసు.

*

"ఏందిరా విష్ణూ, పున్నానికి పీతలా? ఢిల్లీ పోయి మతి పోయిందా?"

విష్ణు మేనత్త తాయారమ్మ వాకిట్లోనే నిలదీసింది. ఆ పల్లెలో ఆవిడ చేతి పీతల పులుసు తినని పెళ్లివారు లేరు.

"మెల్లగా అత్తా! నీకు దండం పెడతా, వాళ్ల ముందు ఆ మాట అనమాక" అన్నాడు విష్ణు చుట్టూ చూస్తూ.

"గుల్ల పీతలు వండితే నా పేరు చెడదంట్రా?"

"నా పేరే చెడుద్దిలే. నువ్వు నోరు మెదపమాక, చాలు."

తాయారమ్మ మేనల్లుడి మొహం చూసింది. ఆ వెనక రేవు కేసి పరిగెత్తుతున్న ఎర్ర మఫ్లరు పిల్లని చూసింది. మార్చి ఎండలో మఫ్లరేమిటో ఆవిడకి అర్థం కాలేదు. మిగతాది అర్థమైంది.

"సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి అంటారు. నీకు రెండూ వచ్చినయ్యేందిరా" అని లోపలికి పోయింది.

ఇసకలో రవికిరణ్ గుడారం వేస్తున్నాడు, సరిగ్గా నీళ్ల అంచున. "సీ వ్యూ బాస్!"

"తీసెయ్‌రా. పున్నమి పోటు. పొద్దుగూకేసరికి నీ సీ వ్యూ నీ పక్క మీదికే వస్తుంది. సరుగుడు చెట్ల దగ్గరికి పదండి" అన్నాడు విష్ణు.

"అరే వా, చంద్రుణ్ణి చూసి సముద్రం టైమింగ్స్ చెప్తున్నాడు మన జాగ్రఫీ సర్ జీ!" అంది హాసిని. అనేసి, అతని వంక ఒక క్షణం ఎక్కువ చూసింది.

సాయంత్రం ఏటి గట్టున గాలాలేసుకుని కూర్చున్నారు. రవికిరణ్ గాలానికి ఒక జెల్ల తగిలింది. చేప దొరికిన ఆనందంలో దాన్ని ముద్దు పెట్టుకోబోయాడు.

"ముల్లుంటుందిరా, వదులు!"

"ఎక్కడ్రా ము... అమ్మో!"

శ్రుతి అతని వేలికి గుడ్డ కడుతూ, "ప్రిలిమ్స్‌లో కూడా ఇంతే, చూడకుండా టిక్ పెడతాడు" అంది.

హాసిని మాత్రం ఇటు తిరగలేదు. ఆమె చేతిలో దారం ఉంది. దారం చివర కోడి కాలు కట్టి ఉంది. అది నీళ్లలో ఉంది. పీత వచ్చి ఎర పట్టుకుంటే దారం బిగుస్తుంది. అప్పుడు తొందరపడితే వదిలేస్తుంది. దానికి తెలియనంత నెమ్మదిగా పైకి తేవాలి, తెచ్చి కిందనుంచి వల పెట్టాలి. విష్ణు ఒక్కసారే చూపించాడు.

ఆఫీసు క్యాబ్‌లో రెండు నిమిషాలు ఆగలేని పిల్ల, మెస్సులో నోరు మూసుకున్న పాపాన పోని పిల్ల, అక్కడ బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఊపిరి కూడా నీళ్లకి వినపడనియ్యకుండా దారం లాగుతోంది. జుట్టు మొహాన పడితే తోసుకోలేదు. దోమ కుడితే కదల్లేదు. పుట్టినప్పటినుంచీ ఈ పని చేస్తున్న వాళ్లని చూశాడు విష్ణు. వాళ్లది అలవాటు. ఈమెది భక్తి. దారం పట్టుకున్న ఆ వేళ్లనే చూస్తూ, తన గాలం ఎప్పుడు కొట్టుకుపోయిందో గమనించుకోలేదు.

"వల! వల!" గుసగుసగా అరిచింది.

వల పెట్టాడు. పెద్ద పీత. ఆమె కేక వెయ్యలేదు. వంగి చూసింది. "దీని పొట్ట కింద ఆరెంజ్ కలర్ ఏంటి?"

"గుడ్లు."

"అయితే వదిలెయ్. ఫస్ట్ క్యాచ్ అయినా సరే." అతని జవాబు కోసం చూడకుండా తనే వల తిప్పి నీళ్లలోకి వదిలేసింది. "జా బెహన్, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకో."

పందెం ఏమైనా పోనీ, వచ్చినందుకు ఇది చాలు అనుకున్నాడు విష్ణు.

*

మర్నాడు హోలీ. శ్రుతి తెచ్చిన రంగులు పూసుకుని, సముద్రంలో కడుక్కుని, సగం పోయి సగం మిగిలిన మొహాలతో మధ్యాహ్నం సరుగుడు చెట్ల కింద చాపల మీద కూర్చున్నారు. హాసిని ఒక చెవి పచ్చగా ఉంది. తాయారమ్మ పీతల పులుసు వడ్డించింది. వాసనకి రవికిరణ్ వేలి నొప్పి కూడా మర్చిపోయాడు.

హాసిని డెక్క విరిచింది. నీళ్లు కారాయి. ఇంకోటి విరిచింది. అదీ అంతే.

విష్ణు తన కంచంలోకి చూసుకుంటున్నాడు.

"ఆంటీ, పులుసు ఫస్ట్ క్లాస్. నిజంగా. నేను జన్మలో తినలేదు" అంది హాసిని జాగ్రత్తగా. తర్వాత విష్ణు వంక తిరిగింది. మొహంలో గెలుపు లేదు, పాపం అనుకుంటున్నట్టుంది. "కానీ పీతలో ఏమీ లేదు సర్ జీ. అంకయ్య అంకుల్ దూదే నయం."

"ఒప్పుకున్నా. ఓడిపోయా" అన్నాడు విష్ణు.

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఎవరూ అనుకోలేదు. తాయారమ్మ మాత్రం గరిటె గిన్నెలో పడేసింది. దూది అన్న మాట ఆవిడ పొయ్యి మీద ఏనాడూ పడలేదు.

"మా పీతలకేం తల్లీ, బంగారం! పున్నానికి ఏ పీతైనా గుల్లే. అమావాస్యకి రా, అప్పుడు చెప్పు. వీడికి తెలవదా? బొడ్డూడని నాటి నుంచి తెలుసు! చెప్పమాకత్తా, చెప్పమాకత్తా అని నా నోరు కట్టేశాడు!"



హాసిని చెయ్యి కడుక్కుంది. "నిన్న పోటు సంగతి చెప్పినప్పుడే అనుకున్నా. చంద్రుడి గురించి అన్నీ తెలిసినవాడికి ఇది తెలీదా?" అంది. "టికెట్లు బుక్ చేసిన రోజే తెలుసా?"

"తెలుసు."

"చలికాలమంతా మీ పీతల కోసం నాతో ఫైట్ చేశావ్. ఒక్క మాట, 'డేట్ మారుద్దాం' అంటే గెలిచేవాడివి. పాగల్ హో క్యా? ఎందుకు చెప్పలేదు?"

విష్ణు తలెత్తాడు. ఇంక మింగడానికి మాటలేం మిగల్లేదు.

"అమావాస్య దాకా ఆగితే పీత నిండేది హాసినీ. నువ్వు ఉండేదానివి కాదు."

రవికిరణ్ నములుతున్నవాడల్లా ఆగిపోయాడు. శ్రుతి అతని చొక్కా పట్టి లాగి, "పద, ముల్లు గుచ్చుకున్న వేలు చూపించు" అని లేవదీసింది. తాయారమ్మ ఉత్త గిన్నెని తీసుకుని, నిండా ఉన్న గిన్నెని వదిలేసి వెళ్లిపోయింది.

మొట్టమొదటిసారి హాసినికి ఏ భాషలోనూ మాట దొరకలేదు. పచ్చ చెవి పక్కన ఇంకో చెవి ఎర్రబడింది.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. వాళ్ల నాన్న త్యాగరాజు. కాకినాడ నుంచి వచ్చి కేంద్ర ప్రభుత్వ కొలువులో తల నెరిసినవాడు. తడి చేత్తో తీస్తుంటే స్పీకరు నొక్కుకుపోయింది.

"ఏమ్మా, పీతలు తిన్నావా?"

"గుల్ల నాన్నా."

"గుల్లే ఉంటాయి మరి! పున్నమికి పీతలేంటమ్మా? ఎవడా తెలివితక్కువవాడు తీసుకెళ్లింది?"

"తెలివితక్కువవాడు కాదు నాన్నా, జాగ్రఫీ చెప్తాడు. తెలిసే తీసుకొచ్చాడు." ఆమె విష్ణు కళ్లలోకి చూస్తూనే చెప్పింది. "అమావాస్యకైతే నేను ఉండనని."

ఫైళ్లు చదివీ చదివీ రాయని మాట కూడా చదవగలిగిన మనిషి ఆయన. గొంతు తగ్గించి అడిగాడు.

"నీకెలా ఉందమ్మా?"

"నాకు... బాగుంది నాన్నా."

"ఊఁ. ఫోనతనికియ్యి." విష్ణు రెండు చేతులతో అందుకున్నాడు. "ఏమయ్యా, జాగ్రఫీ చెబుతావట. దీపావళి ఏ తిథి?"

"అమావాస్య అంకుల్."

"ఆరోజు సెలవేనా?"

"సెలవే అంకుల్. పుణెలో కూడా."

"అయితే దీపావళికి నేనూ, మా ఆవిడా కూడా వస్తాం. పీత నిండుగా ఉండాలి. మిగతా మాటలు తిన్నాక."

ఫోన్ పెట్టేశాక హాసిని అతని కంచంలోంచి ఒక గుల్ల డెక్క తీసి, లోపలికి ఒంటికన్నుతో చూసింది. "ఖాళీగా ఉంటే అవతల నువ్వు కనిపిస్తున్నావ్" అంది.

*

తర్వాతి ఆదివారం అంకయ్య మెస్సులో పీతల కూర. విష్ణు కూర్చున్నాడు. ఎదురుగా కాకుండా, పక్కనే, మోచేతులు తగిలేటట్టు హాసిని కూర్చుంది.

అతను ఒక డెక్క కొరికాడు. నమిలాడు. లేచి నిలబడ్డాడు.

"అద్భుతం!" అని అరిచాడు. కాబోయే కలెక్టర్లంతా తలలెత్తారు.

అంకయ్య కంగారుగా పరిగెత్తుకొచ్చాడు. "ఏంటి విష్ణుబాబూ, వెటకారమా?"

"లేదండీ అంకయ్య గారూ. ఒట్టు."

హాసిని తన కంచంలోని డెక్కల్లోంచి కండ తీసి, ఒక్కొక్క ముక్కా అతని కంచంలో పెడుతోంది. "తిను, తిను. దీపావళి దాకా ఇదే గతి. ఆ తర్వాత వచ్చి ఇదే బల్ల దగ్గర నేను సారీ చెప్తా."

"మరకుంది" అన్నాడు విష్ణు.

"ఎక్కడ?"

"చెంప మీద."

ఆమె తుడుచుకోలేదు.