డేటా ఉన్న జిల్లాలు మాత్రమే

లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. లోపల ఇన్‌ఫార్మర్ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పొట్టలో కత్తి.

"నీళ్ళ ప్లాంటు... క్లోరిన్... ఇవాళ సాయంత్రం," అన్నాడు. ఏ ఊరో చెప్పేలోగా కళ్ళు తేలేశాడు.

అతని తల పట్టుకున్న ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో 'తాళం' అంటారు. తీయలేని తాళం లేదని ఆ పేరు. వాళ్ళింట్లో డిగ్రీ దాకా వచ్చినవాడు అతనొక్కడే. అక్క బట్టలు కుట్టి చదివించింది.

గంట తిరక్కుండా బ్రీఫింగ్. తెర మీద స్ప్రెడ్‌షీట్ మ్యాప్. విదేశీ ముఠా కదలికల మీద ఏ జిల్లా నుంచి ఎన్ని రిపోర్టులొస్తే అంత ముదురు ఎరుపు. తయారుచేసిన కన్సల్టెంట్ చీఫ్ పక్కనే కూర్చుంది. నల్ల సూటు, ముత్యాల పోగులు. ఆమె నవ్వితే చీఫ్ చదువుతున్న లైను మర్చిపోయేవాడు.

"ఎర్ర జిల్లాల్లో ప్రతి ప్లాంటుకీ టీములు బయల్దేరాయి. ప్రశ్నలు?" అన్నాడు చీఫ్.

తాళం అక్కావాళ్ళ జిల్లా కోసం వెతికాడు. బావ అక్కడి నీళ్ళ ప్లాంటులో ఆపరేటర్. ఏ రంగులో ఉందో చూద్దామనుకున్నాడు. జిల్లానే లేదు.

"సార్, సరిహద్దు జిల్లా ఏదండీ?"

"డేటా రాలేదు, కాబట్టి కనపడదు. డేటా ఉన్న ప్రాంతాలు మాత్రమే చూపించే ఆప్షన్ నేనే పెట్టించాను. మంత్రిగారికి బూడిదరంగు ఖాళీలు చూపిస్తే మన పరువేం కాను?"

నడిమి జిల్లా అయితే బొక్క కనపడేది. ఇది అంచు జిల్లా. అది పోగానే మిగతా మ్యాప్ కాస్త పెద్దదై తెర నిండా సర్దుకుంది.

తాళం వరండాలోకి వెళ్ళి ఫోన్ చేశాడు.

"బావా, మీ జిల్లా నుంచి రిపోర్టు పంపలేదా?"

"పంపకపోవడమేంట్రా? తెలియని వ్యాను ప్లాంటు చుట్టూ తిరుగుతోందని ఇచ్చింది నేనే. మీ ఆఫీసుకి అందినట్టు మెసేజ్ కూడా వచ్చింది. అక్కడ చదివేవాళ్ళున్నారా, అందరూ నీలాంటోళ్ళేనా?"

"ఇవాళ ఎవర్నీ లోపలికి రానివ్వకు."

"సాయంత్రం గ్యాస్ కంపెనీవాళ్ళొచ్చి సిలిండర్లు చెక్ చేస్తారని మీ హెడ్డాఫీసు ఆర్డరే వచ్చింది. ఆపడానికి నేనెవర్ని?"

తాళం వెనక్కి పరిగెత్తాడు. కన్సల్టెంట్ కుర్చీ ఖాళీగా ఉంది. షీటు పాత వెర్షన్ తెరిచాడు. సరిహద్దు జిల్లా వరసలో అంకెలున్నాయి. ఆమె లాగిన్‌తోనే తుడిచేశారు.

చీఫ్ చూశాడు. చెమట తుడుచుకున్నాడు.

"టీముల్ని వెనక్కి పిలిస్తే తప్పు ఒప్పుకున్నట్టే. నువ్వు సెలవు పెట్టి వెళ్ళిరా."

సాయంత్రానికి తాళం గ్యాస్ కంపెనీ యూనిఫాంలో, అంటించిన మీసంతో ప్లాంటు గేటు దగ్గరున్నాడు. అక్కడ నిలబడ్డవాడు ముఠా మనిషి.

"వాన పడేలా ఉందా?"

"గొడుగు ఇంట్లో మర్చిపోయాను."

ఇన్‌ఫార్మర్ ఎప్పుడో చెప్పిన కోడ్ వర్డ్. గేటు తెరుచుకుంది.

సిలిండర్ల గదిలో బావని బేడీలతో పైపుకి కట్టేసి ఉన్నారు. మెయిన్ వాల్వ్ పక్కన తాళం వేసిన పేలుడు పెట్టె, టైమర్. మెడలో గ్యాస్ మాస్కు, చేతిలో పిస్టల్‌తో కన్సల్టెంట్.

"ఊరినే దాచేశావు," అన్నాడు తాళం.

"నేను షీటులో సెల్స్ ఖాళీ చేశానంతే. ఖాళీవాటిని దాచేది మీ ఆఫీసు. ఆ అలవాటు చూశాకే ఈ పని ఒప్పుకున్నాను."

బావ కాలు చాచి స్టూలుని తన్నాడు. అది ఆమె మోకాలికి తగిలింది. పిస్టల్ పేలింది. గుండు పైపుని చీల్చింది. పసుపుపచ్చ గ్యాస్ బుస్సుమంది. తాళం ఆమె మీదకి దూకాడు. పెనుగులాటలో మాస్కు చిరిగింది. ఆమెని బయటికి నెట్టి చేతిని తలుపు గడియకి బేడీతో బిగించాడు. తిరిగొచ్చి బావ చేతుల బేడీలు విప్పాడు.

"నువ్వు పెట్టె చూడు. వాల్వ్ సంగతి నాకొదిలెయ్," అన్నాడు బావ.

"మాస్కు లేదు బావా."

"నీకుందేంటి?"

బావ ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని గ్యాస్‌లోకి నడిచాడు. తాళం పెట్టె మూత తీసి వైరు తెంచాడు. టైమర్ ఒకటి దగ్గర ఆగిపోయింది. వాల్వ్ బిగిసింది. ఊరికి ఏమీ కాలేదు. బావ మాత్రం వాల్వ్ చక్రం మీదకి వాలిపోయి స్పృహ తప్పాడు.

ఆస్పత్రి వరండాలో తాళం చీఫ్‌కి ఫోన్ చేశాడు. "ఊపిరితిత్తులు కాలిపోయాయి సార్. పెద్దాస్పత్రికి హెలికాప్టర్ కావాలి."

"శభాష్, ఊరిని కాపాడావు. కానీ హెలికాప్టర్‌కి సంఘటన నంబరు కావాలి. మంత్రిగారికి ఇందాకే మ్యాప్ వెళ్ళింది. ఆ జిల్లాలో ఏ సంఘటనా లేదు."

పక్కనే ఉన్న అక్క ఫోన్ స్పీకర్‌లో అంతా వింది. ఏడవలేదు.

డాక్టర్ కేస్ షీటు పట్టుకుని బయటికొచ్చాడు. "ఎక్కడ జరిగిందమ్మా ఇది?"

"ఎక్కడా జరగలేదు డాక్టర్‌గారూ," అంది అక్క. "మావాడి ఆఫీసువాళ్ళు మ్యాప్ చూసి మరీ చెప్పారు."